చెప్పకుండా వచ్చేశాం

బెల్‌ఫాస్ట్‌లో ఆ వీధి వదిలి వెళ్ళమని మాకు చెప్పనివాళ్ళు లేరు. పోలీసాయన చెప్పాడు, ఇంటి ఓనరు చెప్పాడు, చర్చిలో మా పక్క బెంచీలో కూర్చునే ఆవిడ చెప్పింది. లండన్ పక్కన వాట్‌ఫర్డ్‌లో ఉన్న అన్నయ్య, మా పెద్దమ్మ కొడుకు, అయితే ప్రతి ఆదివారం ఫోన్ చేసి మరీ చెప్పాడు. అందరూ మా మంచి కోరే చెప్పారు. మంచి కోరి చెప్పినవాళ్ళ మాట వినకపోతే పొగరంటారు. ఆ పొగరు నాకుంది, దాన్ని దాచుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు.

నేను గుంటూరులో నర్సును. రెండువేల రెండులో ఒక ఏజెన్సీ వాళ్ళు హైదరాబాదులో ఇంటర్వ్యూలు పెట్టి మమ్మల్ని కొంతమందిని ఏరుకుని ఇక్కడికి తెచ్చారు. బెల్‌ఫాస్ట్ అంటే ఇంగ్లండులో ఒక ఊరనుకున్నాను. దిగాక కదా తెలిసింది, ఇది ఉత్తర ఐర్లండ్ అని, ఇంగ్లండు అనే మాట ఇక్కడ పైకి అనకూడదని. మా ఆయన కొన్నాళ్ళ తర్వాత వచ్చాడు. అక్కడ ఇంటర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు, ఇక్కడ బ్రెడ్ ఫ్యాక్టరీలో చేరాడు. పెళ్ళాం కొంగు పట్టుకుని విమానమెక్కాడని మా ఆడపడుచు నవ్విందట. ఆ కబురు మోసుకొచ్చినవాళ్ళకు మా ఆయన చెప్పిన జవాబు ఒకటే. కొంగు పట్టుకుని ఎక్కినా టికెట్టు పూర్తిగానే కొన్నాం అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన మీద నాకు గౌరవం ఇంకాస్త పెరిగింది.

అద్దెకు చూసిన ఇల్లు నాకు చూడగానే నచ్చింది. నచ్చడానికి అందులో ఏమీ లేదు. ఎర్ర ఇటుకల ఇళ్ళ వరసలో అదొకటి. కింద ముందుగది, వంటగది, పైన రెండు పడకగదులు, వెనక సిమెంటు చేసిన చిన్న పెరడు, అందులో బట్టలారేసుకునే తీగ. ముందు తలుపు తీస్తే కాలు నేరుగా పేవ్‌మెంటు మీదే పడుతుంది. కానీ ఆ ఓనరు తాళంచెవి ఇచ్చేటప్పుడు మేం ఎవరమని అడగలేదు. ఎక్కడ పనిచేస్తామని మాత్రమే అడిగాడు.

గుంటూరులో మేం ఇళ్ళు వెతికిన వైనం చెబితే గానీ ఇదెంత పెద్ద సంగతో అర్థం కాదు. ఇల్లు చూపించి, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, అడ్వాన్సు మాట్లాడుకున్నవాళ్ళకు కూడా మేం ఆదివారం చర్చికి వెళ్తామని తెలియగానే, ఊరి నుంచి బంధువులెవరో ఆ పోర్షన్‌లోకి దిగుతున్న సంగతి హఠాత్తుగా గుర్తొచ్చేది. మా అమ్మ కాలంలో అయితే మా పేట ఊరికి ఏ పక్కన ఉండాలో ఊరే చెప్పింది. అమ్మ చేతి డబ్బులు తీసుకుని, వాటి మీద నీళ్ళు చల్లి గల్లాపెట్టెలో వేసుకున్న కొట్టాయన్ని చిన్నప్పుడు నా కళ్ళతో చూశాను. మేం ఎక్కడుండాలో వేరేవాళ్ళు చెప్పడం నాకు కొత్త కాదు. అందుకే ఆ తాళంచెవి చేతిలో పడ్డ రోజున ఒక తీర్మానం చేసుకున్నాను. ఈ ఇంట్లోంచి వెళ్తే నా అంతట నేను వెళ్ళాలి గానీ ఒకరు వెళ్ళగొడితే వెళ్ళకూడదు అని.

వీధి సంగతి మాకేమీ తెలియదు. పేవ్‌మెంటు అంచు రాళ్ళకు ఎరుపు, తెలుపు, నీలం రంగులు వేసి, కరెంటు స్తంభాలకు జెండాలు కట్టి ఉంటే, ఎవరో మంత్రి వస్తున్నాడు కాబోలు అనుకున్నాం. నెలలు గడిచినా మంత్రి రాలేదు, జెండాలు దిగలేదు. అవి బ్రిటన్ జెండా రంగులని, ఈ వీధి బ్రిటన్ పక్షం వాళ్ళదని చెప్పే గుర్తులని మాకు చెప్పింది పక్కింటాయన.

ఆయనతో మాకు పరిచయం ఉప్పు వల్ల అయింది. మొదటి చలికాలంలో ఒక పొద్దున డ్యూటీకి వెళ్దామని తలుపు తీస్తే గడప ముందు ఉప్పు కనిపించింది. గుమ్మం పొడుగునా ఎవరో పనిగట్టుకుని చల్లారు. బైబిలు చదివే ఇల్లే మాది. అయినా తెల్లారేసరికి గడప ముందు ఎవరో ఉప్పు పోసిపోతే ఎందుకు పోస్తారో మా వైపు ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. మా ఆయన్ని లేపి చూపించాను. లెక్కల మాస్టారు కదా, కొట్టిపారేస్తాడనుకున్నాను. ఆయన కళ్ళు నులుముకుని చూసి, తొక్కకుండా దాటమన్నాడు.

నేను దాటలేదు. చీపురు తెచ్చి, ఎవరు చేశారో వాళ్ళకే తగలాలని గట్టిగా తెలుగులో తిడుతూ ఉప్పంతా ఊడ్చి రోడ్డు మీదికి నెట్టాను. తర్వాత అడుగు తీసి అడుగు వేశానో లేదో, కాలు జారి నడుం పట్టేసేలా పడ్డాను. ఉప్పు కింద కంటికి కనిపించని ఐసు ఉంది. దాన్ని కరిగించడానికే ఉప్పు చల్లారు.

పక్కింటి తలుపు తెరుచుకుంది. తలకు టోపీ, ఒంటికి డ్రెస్సింగ్ గౌను, చేతిలో ఉప్పు సంచితో ఒక పెద్దాయన వచ్చి నన్ను లేపారు. చీపురు చూశారు, రోడ్డు మీద ఉప్పు చూశారు, మళ్ళీ చల్లారు. ఆ సాయంత్రం వాళ్ళింట్లో టీ తాగుతూ, మా దేశంలో గడప ముందు ఉప్పు చల్లితే ఏమనుకుంటామో నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వి, వంటగదిలో ఉన్న భార్యను పిలిచి నా చేత మళ్ళీ చెప్పించుకున్నారు. అప్పటి నుంచి ఐసు పడ్డ ప్రతి పొద్దునా మా గడపకు ఉప్పు చల్లి, తలుపు కొట్టి, మంత్రం వేశాను, జాగ్రత్తగా నడవండి అని చెప్పి వెళ్ళేవారు.

మేం ఆయన్ని అంకుల్ అనేవాళ్ళం, ఆమెను ఆంటీ అనేవాళ్ళం. మొదట్లో ఆ పిలుపు వాళ్ళకు విచిత్రంగా ఉండేది. తన తోబుట్టువులెవరూ ఇండియా వెళ్ళినట్టు గుర్తు లేదే అని అంకుల్ వేళాకోళం చేసేవారు. వాళ్ళకు పిల్లలు లేరు. తర్వాత తర్వాత ఎవరైనా మా ఇంటికి వస్తే, మీరెవరని అడిగేలోపే ఆయనే నేను వీళ్ళ అంకుల్‌నని చెప్పుకునేవారు.

ఆయన జీవితమంతా సిటీ బస్సు నడిపి రిటైరయ్యారు. ఆ వీధిలో ఉన్న కుర్రాళ్ళనూ వాళ్ళ అమ్మానాన్నలనూ స్కూలుకు దింపిన మనిషి. మాకు ఊళ్ళు చూడటం నేర్పింది ఆయనే. డ్యూటీల రోటా చేతికి రాగానే మా ఇద్దరికీ కలిసొచ్చిన సెలవు రోజు ఆయనకు చూపించేదాన్ని. ఏ బస్సెక్కాలో, ఎటు పక్క కూర్చుంటే సముద్రం కనిపిస్తుందో, ఎక్కడ దిగితే బాత్రూం ఉంటుందో చెప్పేవారు. పులిహోర కట్టుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని వెళ్ళేవాళ్ళం. సముద్రం ఒడ్డున ఎవరో పేర్చినట్టున్న పలకల రాళ్ళ మీద, చీర మీద రెయిన్‌కోటు వేసుకుని, గాలికి పులిహోర మెతుకులు ఎగిరిపోతుంటే తిన్నాను. గుంటూరులో మేమిద్దరం కలిసి వెళ్ళినవి పెళ్ళిళ్ళూ ఆస్పత్రులే. పని లేకుండా, ఎవరినీ చూడటానికి కాకుండా, ఊరికే చూడటానికి వెళ్ళడం మా రెండు వంశాల్లో మేమే మొదలుపెట్టాం.

వాట్‌ఫర్డ్ అన్నయ్యకు ఇది గిట్టేది కాదు. వచ్చింది సంపాదించుకోవడానికా, బస్సులెక్కి తిరగడానికా అని ఫోన్లో సాధించేవాడు. హైదరాబాదులో తాను కొన్న ప్లాటు సంగతి చెప్పేవాడు. మేం చూసిన కొండచరియ సంగతి నేను చెప్పేదాన్ని. ఆ రెండు మాటలూ ఎక్కడా కలిసేవి కావు.

ఒకసారి మాత్రం ఆ తిరుగుడు మా కొంప ముంచబోయింది. పడమర వైపు ఒక బీచ్ బాగుంటుందని హాస్పిటల్లో ఎవరో చెబితే అంకుల్‌ను అడక్కుండా టికెట్ తీసుకోబోయాం. ముందు రోజు మాటల్లో విని ఆయన నెత్తి కొట్టుకున్నారు. ఆ బీచ్ ఐర్లండ్ అనే వేరే దేశంలో ఉంది, మా బ్రిటన్ వీసా అక్కడ పనిచేయదు. గేటు ఉండదు, పోలీసు ఉండడు, బస్సు ఆగకుండా వెళ్ళిపోతుంది, కానీ పట్టుబడితే మాత్రం నా ఉద్యోగం మీదికి వస్తుంది. రోడ్డు అంచు గీత పసుపు రంగులోకి మారిందంటే దేశం మారినట్టేనని ఆయన గుర్తు చెప్పారు. ఇప్పటికీ బస్సులో పసుపు గీత కనిపిస్తే మా ఆయన కాళ్ళు పైకి లాక్కుంటాడు.

రెండేళ్ళు అలా గడిచాక ఒక వేసవిలో వీధి మారిపోయింది. మా వీధి చివర ఉన్న చైనా కుటుంబం కిటికీలు పగిలాయి. ఆ పై వారం నా వార్డులోనే పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి ఇల్లు ఖాళీ చేసింది. తర్వాత మా వంతు వచ్చింది. డ్యూటీ నుంచి వచ్చేసరికి మా తలుపు మీద ఎర్ర రంగుతో వెళ్ళిపొమ్మని రాసి ఉంది. ముందుగది కిటికీ అద్దం సోఫా నిండా ఉంది. మా ఆయన చీపురుతో గాజు ఊడుస్తున్నాడు.

పోలీసాయన మర్యాదగా మాట్లాడాడు, టీ తాగాడు, కొన్నాళ్ళు వేరేచోట ఉంటే మంచిదన్నాడు. ఓనరు, గడువు చూడకుండా ఎప్పుడైనా ఖాళీ చేయవచ్చని ఉదారంగా చెప్పాడు. అన్నయ్య ఆ ఆదివారం దాకా కూడా ఆగలేదు.

"ఏందే నీ మొండి? ఈడ మనోళ్ళు ఎంతమంది ఉన్నారో తెలుసా? నర్సు ఉద్యోగం యాడైనా దొరుకుద్ది. బావని తీసుకుని వచ్చేయ్" అన్నాడు.

ఆలోచిస్తానన్నాను. కానీ నాలో ఆలోచన లేదు, మంట ఉంది. గుంటూరులో ఓనర్లు బంధువుల పేరు చెప్పి పంపించారు, వీళ్ళు రంగు పూసి పంపిస్తున్నారు, తేడా అంతేగా అనిపించింది.

మర్నాడు పొద్దున అంకుల్ ఆకుపచ్చ పెయింటు డబ్బా, రెండు బ్రష్‌లు పట్టుకుని వచ్చారు. ఆయనా మా ఆయనా కలిసి తలుపుకు రంగు వేశారు. ఆ వీధిలో అన్ని తలుపులూ నీలమో ఎరుపో, మాది ఒక్కటే ఆకుపచ్చ. ఆ రంగు ఆ వీధిలో ఎవరూ వేయరని, అది ఐర్లండ్ వైపు మొగ్గే అవతలి వర్గం రంగని మాకు తర్వాత తెలిసింది. మరి ఎందుకు వేశారని అడిగితే, షెడ్డులో అదే మిగిలిందన్నారు. సాయంత్రం తమ వంటగది కుర్చీ ఒకటి తెచ్చి, మా తలుపుకూ వాళ్ళ తలుపుకూ మధ్య గోడకు ఆనించి వేసుకుని కూర్చున్నారు. చేతిలో పేపరు. వచ్చేపోయే కుర్రాళ్ళను పేరు పెట్టి పలకరించి, వాళ్ళ అమ్మమ్మల ఆరోగ్యం అడిగారు. మర్నాడు కూడా కూర్చున్నారు. ఆ వేసవంతా కూర్చున్నారు. మళ్ళీ రాయి పడలేదు.

ఆ తర్వాతి వసంతంలో ఆయన పోయారు. పెరట్లో కుండీల్లో మొక్కలు నాటుతూ కూలిపోయారు. అంబులెన్సు వచ్చేలోపు ఆయన గుండె మీద చేతులు పెట్టి నొక్కింది నేనే. నా వల్ల కాలేదు.

ఇక్కడ శవాన్ని ఇంటికి తెచ్చి, ముందుగదిలో పెట్టె మూత తీసి ఉంచుతారు. కర్టెన్లు దించుతారు. తలుపు తెరిచే ఉంటుంది, వీధి వీధంతా వస్తుంది. మా ఆయన బ్రెడ్ ఫ్యాక్టరీలో సెలవు పెట్టాడు. ఇద్దరం తెల్లబట్టలు కట్టుకుని వెళ్ళాం. పెట్టెలో అంకుల్ సూటు వేసుకుని, ఎవరో తెలియని మనిషిలా ఉన్నారు. మేం ఆయన కాళ్ళ దగ్గర నిలబడ్డాం. లోపల వంటగదిలో ఆడవాళ్ళు శాండ్‌విచ్‌లు కోస్తున్నారు, కప్పులు కడుగుతున్నారు, ఎవరో నవ్వుతున్నారు కూడా. చావు ఇంట్లో పొయ్యి వెలిగించడమే మాకు తెలియదు. ఆంటీ తానే ఒక ప్లేటులో శాండ్‌విచ్ పెట్టి, టీ కప్పు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. వాళ్ళ భాషలో అన్నీ చిన్నవే, ఒక చిన్న టీ తాగు అంది. నేను తల అడ్డంగా ఊపాను. మా ఆయన రెండు చేతులూ జోడించాడు. శవం ఉన్న ఇంట్లో మంచినీళ్ళయినా మేం ఎలా ముట్టుకుంటాం?

కాసేపు నిలబడి వచ్చేశాం. వెళ్ళొస్తామని ఎవరికీ చెప్పలేదు. చావు ఇంట్లో ఆ మాట అనకూడదు. వెనక్కి తిరిగి చూడకుండా, మాట్లాడకుండా వచ్చేయాలి. ఇంటికి రాగానే తల మీద నుంచి స్నానం చేసి, కట్టుకున్న బట్టలన్నీ తడిపి ఉతికి, వెనక పెరట్లో తీగ మీద ఆరేశాను. గోడ అవతల అంకుల్ వాళ్ళ పెరట్లో మగవాళ్ళు సిగరెట్లు కాలుస్తూ నిలబడ్డారు. వాళ్ళు నా వైపు చూశారు, నేను తల దించుకుని బట్టలు ఆరేశాను. మా అమ్మ నేర్పిన మర్యాద ఒక్కటి కూడా తప్పకుండా చేశానని తృప్తి పడ్డాను.

పెట్టెను తీసుకెళ్ళే రోజున నాకు డ్యూటీ పడింది. మా ఆయన వెళ్ళాడు. ఇక్కడ వీధి పొడుగునా మగవాళ్ళు వంతులేసుకుని పెట్టెను భుజం మీద మోస్తారు. ఒకరి తర్వాత ఒకరిని పిలుస్తారు. ఈయన పేవ్‌మెంటు మీద నిలబడే ఉన్నాడు, ఎవరూ పిలవలేదు. ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పి, మొహం కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

తర్వాత ఆంటీ మాతో మాట్లాడటం మానేసింది. తలుపు కొడితే తీసేది కాదు. రోడ్డు మీద ఎదురైతే నా పక్కనుంచి గోడను చూస్తూ వెళ్ళిపోయేది. ఎదురింటి ఆవిడ కూడా పలకరింపు మానేసింది. గోడ దగ్గర కుర్చీ లేదు. ఒక సాయంత్రం మేం అన్నం తింటుంటే ముందుగది కిటికీ మళ్ళీ పగిలింది. మా ఆయన లేచి ఊడ్వలేదు. కంచం పక్కకు నెట్టి, ఫోన్ తీసి నా ముందు పెట్టాడు.

"మీ అన్నయ్యకి చెయ్యి. పోదాం. ఆయన ఉన్నప్పుడంటే సరే. ఇప్పుడు ఎవరి కోసం ఈడ పడి ఉండాలి?" అన్నాడు.

ఈ వీధిలో ఉండటమా పోవడమా అన్నది ఇన్నాళ్ళూ నాకూ రాళ్ళేసేవాళ్ళకూ మధ్య సంగతి. ఇప్పుడు ఆంటీ కూడా వాళ్ళ వైపు చేరినట్టుంది, కారణమేమిటో తెలియదు. చేద్దాంలే, రేపు చేద్దాం అన్నాను.

మర్నాడు వార్డులో టీ టైముకు, నాతో పనిచేసే ఇక్కడి నర్సమ్మాయికి జరిగిందంతా చెప్పాను. ఆ అమ్మాయి మొదట టీ దగ్గర ఆగిపోయింది. చావు ఇంట్లో ఇచ్చిన టీ తాగలేదా అని మళ్ళీ అడిగింది. ఆంటీ చేయి పట్టుకుని ఒక్క మాటైనా అనకుండా వచ్చేశారా అని అడిగింది. బట్టల సంగతి చెప్పేసరికి తన కప్పు కింద పెట్టేసింది. ఆ ఇంట్లోంచి నేరుగా వెళ్ళి, వాళ్ళ మనుషులు చూస్తుండగా ఒళ్ళు కడుక్కుని బట్టలు ఉతుక్కున్నారా అంది.

నాకు మొదట కోపమే వచ్చింది. మేం చేసింది మర్యాద. పోయిన మనిషికి మా అమ్మానాన్నలకు ఇచ్చినంత గౌరవం ఇచ్చాం. తప్పు చేశామని నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. మరి వాళ్ళు అడగొచ్చు కదా, ఎందుకలా చేశావని నోరు తెరిచి అడిగితే ఏం పోయింది అనుకుంటూ బస్సెక్కాను. బస్సులో కూర్చున్నాక మా అమ్మ చేతి డబ్బులు గుర్తొచ్చాయి. వాటి మీద కొట్టాయన చల్లిన నీళ్ళు గుర్తొచ్చాయి. మమ్మల్ని తాకితే కడుక్కునేవాళ్ళను చూస్తూ పెరిగినదాన్ని నేను. నీళ్ళతో ఎంత లోతుగా కొట్టవచ్చో నాకు తెలిసినట్టు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ఆంటీ తన వంటగది కిటికీలోంచి నా తడిబట్టలు చూసి ఉంటుంది. నేనేమనుకునేదాన్నో, ఆమె కూడా అదే అనుకుంది. ఆ ఒక్క నింద నా మీద ఉండగా ఆ వీధి వదిలి వెళ్ళడం నా వల్ల కాదు.

ఇంటికి కూడా వెళ్ళలేదు. యూనిఫాం మీదే ఆంటీ తలుపు కొట్టాను. తీయలేదు. మళ్ళీ కొట్టాను. మీరు తీసేదాకా కొడుతూనే ఉంటానని అరిచి చెప్పాను. ఎదురింటి కర్టెన్ కదిలింది, కదలనీ అనుకున్నాను. చివరికి తలుపు వేలెడంత తెరుచుకుంది. క్షమించమని అడగడానికి రాలేదని ముందే చెప్పాను.

"మా ఊళ్ళో చావు ఇంట్లో వెళ్ళొస్తానని చెప్పం. ఆ మాట అంటే మళ్ళీ అలాంటి పని మీదే ఆ ఇంటికి రావాల్సి వస్తుందని భయం. ఇంకోసారి మీ ఇంటికి అందుకు రాకూడదని చెప్పకుండా వెళ్ళాను. బట్టలు ఉతికింది మీ ఇల్లు అంటుకుందని కాదు. చావు నా వెంట రాకూడదని. మా నాన్న పోయినప్పుడూ ఇట్టాగే ఉతికాను."

ఆంటీ నా బూట్ల వైపు చూసింది. తర్వాత తలుపు పూర్తిగా తీసింది. వెనక గది చీకటిగా ఉంది, సింకులో ఒక్క కప్పే ఉంది.

"ఆ రోజు వచ్చినవాళ్ళందరూ నా చేయి పట్టుకుని మళ్ళీ వస్తామనే చెప్పి వెళ్ళారు" అంది. "ఒక్కరూ రాలేదు."

అంతే అంది. కెటిల్ పెట్టింది. ఒక చిన్న టీ తాగు అని అడగలేదు, పోసి నా ముందు పెట్టింది. బ్రెడ్డుకు వెన్న రాసి, లోపల హామ్ మాంసం ముక్క పెట్టి శాండ్‌విచ్ చేసింది. ఆయన పోయి ఇంకా నెల కూడా కాలేదు. మా అమ్మ చూస్తే ఏమనేదో నాకు తెలుసు. నేను ఆ టీ తాగాను, శాండ్‌విచ్ అంచులు కూడా వదలకుండా తిన్నాను. అప్పుడు ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆయన గుండె మీద ఎంతసేపు నొక్కానో, చేతుల కింద ఎలా ఉందో, ఎవరికీ చెప్పనిదంతా ఆమెకు చెప్పాను.

లేచి గడప దాకా వచ్చి ఆగాను. అది ఇంకా చావు ఇల్లే. నోరు రాలేదు. నా చిన్నప్పటి నుంచి, మా అమ్మమ్మ నుంచి, ఏ ఆడదీ అక్కడ అనని మాట అది. ఆ వీధిలో రాళ్ళేసినవాళ్ళను ఎదిరించడానికి నాకు అంత ధైర్యం అవసరం కాలేదు. వెనక్కి తిరిగి, ఆమె ముఖంలోకి చూసి, తెలుగులోనే అన్నాను.

"వెళ్ళొస్తాను."

ఏమన్నావని అడిగింది. వెళ్ళి మళ్ళీ వస్తానన్నానని చెప్పాను. ఎప్పుడని అడిగింది, ఆ మాట అన్నవాళ్ళందరినీ కలిపి నన్నే అడుగుతున్నట్టు. ఇప్పుడేనన్నాను. అంకుల్ కూర్చున్న కుర్చీ ఎక్కడుందో అడిగాను.

కుర్చీ తీసుకొచ్చి రెండు తలుపుల మధ్య గోడకు ఆనించి వేసుకుని, యూనిఫాంతోనే కూర్చున్నాను. పక్కన మా కిటికీకి అట్టముక్క కొట్టి ఉంది. ఎదురుగా మూల మీద నిలబడ్డ కుర్రాళ్ళు నన్ను చూసి ఏదో అనుకుని నవ్వారు. వాళ్ళ అమ్మమ్మల పేర్లు నాకు తెలియవు. కానీ వాళ్ళలో ఒకడి అమ్మమ్మకు నా వార్డులోనే కట్టు మార్చాను. ఆమె కాలు ఎలా ఉందని గట్టిగా అడిగాను. వాడు నవ్వు ఆపి, బాగానే ఉందని చెప్పి, జేబుల్లో చేతులు పెట్టుకుని అటు నడిచాడు. మా ఆయన తలుపు తీసి నన్నూ కుర్చీనీ చూసి, ఫోన్ మాట ఎత్తకుండా లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఆంటీ రెండో కుర్చీ ఈడ్చుకొచ్చి నా పక్కన వేసుకుంది.

ఆ వేసవంతా కూర్చున్నాం. ఒక రాయి పడింది, అద్దం మార్పించాం. మరుసటి ఏడాది అదీ పడలేదు. మా ఆయన ఇక్కడి టీచరు ట్రైనింగ్ పూర్తి చేసి, ఇప్పుడు ఆ మూల మీద నిలబడేవాళ్ళ తమ్ముళ్ళకు లెక్కలు చెబుతున్నాడు. ఐసు పడ్డ పొద్దున రెండు గడపలకూ నేనే ఉప్పు చల్లుతాను. తలుపు రంగు వెలిసిపోతే మళ్ళీ ఆకుపచ్చే వేశాం. ఈసారి షెడ్డులో మిగిలింది కాదు, కొనుక్కొచ్చి వేశాం.

ఇది రెండువేల ఎనిమిది. అన్నయ్య ఇప్పటికీ ఆదివారాలు ఫోన్ చేస్తాడు. మొన్న కూడా వాళ్ళ వీధిలో ఒక ఇల్లు అమ్మకానికుందని చెప్పి, "ఇంతకీ ఎప్పుడొస్తున్నారే?" అని అడిగాడు.

"సెలవులకి వస్తాం అన్నయ్యా" అన్నాను. "పక్కింట్లో వెళ్ళొస్తామని చెప్పి వస్తాం."